నివురు కప్పితేనే నిప్పు

అగ్గిపెట్టె అపురూపమైన రోజుల్లో మన పల్లెటూళ్లలో రాత్రి వంటయ్యాక పొయ్యిలో మిగిలిన నిప్పుల్ని ఆర్పేసేవారు కాదు. వాటి మీద బూడిద కప్పి పడుకునేవారు. తెల్లారి ఆ బూడిదను పక్కకు నెట్టి, రెండు పుల్లలు పెట్టి ఊదితే మళ్లీ మంట. 'నివురుగప్పిన నిప్పు' అనే మాటను ఇప్పుడు మనం రాజకీయ వార్తల్లోనూ, అన్నదమ్ముల తగాదాల్లోనూ వాడుతున్నాం గానీ అసలు అది వంటింటి మాట. పాల దాలి సంగతీ అంతే. పిడకల నిప్పు మీద బూడిద, దాని మీద పాలకుండ. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నెమ్మదిగా కాగి పాలు ఎర్రబడేవి, మీద దుప్పటిలా మీగడ కట్టేది. వేడిని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచే ఈ పనినే ఇప్పుడు ఇంజినీర్లు ఇన్సులేషన్ అంటున్నారు. మన అమ్మమ్మలకు ఆ మాట తెలియదు, పని మాత్రం తెలుసు.

ఈవారం ఈ ముచ్చట ఎందుకంటే జన్వాడలో ఒక ఓవెన్ పగిలింది.

నార్సింగి దాటి శంకర్‌పల్లి వైపు వెళ్తుంటే గండిపేట చెరువు వెనకపడ్డాక తోటలూ, ప్రహరీ గోడలూ, వాటి మీంచి తొంగిచూసే కాగితపు పూలూ మొదలవుతాయి. మొయినాబాద్, చేవెళ్ల దాకా అదే వరస. అర ఎకరమో ఎకరమో కొనుక్కుని, నాలుగు మామిడి మొక్కలు పెట్టి, శని ఆదివారాలు అక్కడికి వెళ్లి మట్టి వాసన పీల్చుకుని వచ్చే సిటీ కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఇదివరకు అలాంటి తోటల్లో ఒక ఉయ్యాల, ఒక రాతి బల్ల ఉంటే చాలనుకునేవారు. ఇప్పుడు వాటి పక్కన ఇటుకలతో కట్టిన గుమ్మటం ఓవెన్ చేరింది. అమెరికాలో ఉన్న కొడుకో కూతురో తమ పెరటి ఓవెన్ ఫొటో పంపిస్తారు. వేసవి సెలవులకు మనవలొస్తారు, వాళ్లకు కట్టెల మీద కాల్చిన పిజ్జా కావాలి. ఇంకేం, మేస్త్రిని పిలవడమే!

బ్యాంకులో పనిచేసి రిటైరైన మా మిత్రుడు ఒకాయన అలాగే పిలిచాడు. ఏప్రిల్‌లో దిమ్మె కట్టించి, మీద ఎర్ర ఇటుకలతో చక్కటి గుమ్మటం లేపించాడు. పైన సిమెంటు ప్లాస్టరు. వాన పడుతుంది కదా అని మిద్దెల మీద వేసే వాటర్‌ప్రూఫ్ రంగు రెండు పూతలు. మే నెలంతా పిల్లలు పిజ్జాలు కాల్చుకు తిన్నారు, వెళ్లిపోయారు. జూన్‌లో వానలు మొదలయ్యాయి. తర్వాత నాలుగు నెలలు ఆ ఓవెన్ జోలికి ఎవరూ పోలేదు. దసరాకు చుట్టాలొచ్చారు. మధ్యాహ్నం మూడింటికి పెద్ద మంట వేశారు. గంట గడవకుండానే లోపల్నుంచి టపటపమని చప్పుళ్లు. ఆ తర్వాత ఒక్కటే ధన్‌మన్న శబ్దం. గుప్పెడంత ఇటుక పెచ్చు మూతిలోంచి దూసుకొచ్చి బల్ల మీది పళ్లెంలో పడింది. రెండు నిమిషాల ముందు అక్కడ ఏడేళ్ల పిల్లాడు నిలబడి పిండి పిసుకుతున్నాడు. గుమ్మటానికి నడినెత్తి మీంచి కింది దాకా ఒక పగులు, దాని పక్కనే రంగు బుడగలు బుడగలుగా ఉబ్బి ఉంది.

మర్నాడు మేస్త్రి వచ్చాడు. కుర్రతనంలో ఇటుక బట్టీల్లో పనిచేసిన మనిషి. చుట్టూ తిరిగి చూసి, "సారూ, పొయ్యి తడిస్తే రెండు పుల్లలు ఎక్కువ గాలుతయ్. గిది పొయ్యి గాదు, బట్టీ. బట్టీ తడిస్తే పగుల్తది. గొడుగు పట్టాల్సిన కాడ మీరు రంగు పూసిండ్రు" అన్నాడు.

ఇంతకంటే పొట్టిగా ఈ విషయాన్ని ఏ పుస్తకమూ చెప్పదు. కాకపోతే ఎందుకు అనేది మనం కొంచెం విడమర్చుకోవాలి.

నిజానికి మన దగ్గర బట్టీలు కొత్తవేం కావు. రంజాన్ నెల వస్తే హైదరాబాద్‌లో హోటళ్ల ముందు ఇటుకా మట్టీ కలిపి హలీం బట్టీలు కడతారు. 2010లో భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకున్న వంటకం అది. పండగ వెళ్లగానే వాటిలో చాలావాటిని కూల్చేస్తారు. పాత బేకరీల్లో కట్టెల బట్టీలుంటాయి, అవి గోడల మధ్య, కప్పు కింద ఉంటాయి. కుమ్మరి ఆము సంగతి చూస్తే ప్రతిసారీ కుండల్ని కొత్తగా పేర్చి, మీద గడ్డి, పగిలిన పెంకులు, మట్టి మెత్తి కాలుస్తారు. వానాకాలంలో ఆ పని దాదాపు ఆగిపోతుంది. అంటే, ఆరుబయట ఏడాది పొడుగునా నిలబడి నాలుగు నెలల వానను కాచుకోవలసిన అవసరం మన బట్టీల్లో దేనికీ రాలేదు. తోటలో గుమ్మటం ఓవెన్‌కు ఆ అవసరం వచ్చింది. అందుకే దాని విషయంలో మన మేస్త్రులకు తాతల నాటి పద్ధతి ఒకటంటూ లేదు.

మరి వేరే దేశాల్లో? ఇటలీలో పాంపే నగరం క్రీస్తుశకం 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద కింద పూడుకుపోయింది. తవ్వకాల్లో అక్కడ ఇటుక గుమ్మటాల ఓవెన్లున్న బేకరీలు బయటపడ్డాయి. బొగ్గయిపోయిన రొట్టెలు కూడా దొరికాయి. రెండు వేల ఏళ్లయినా ఆకారం మారలేదంటే ఆ గుమ్మటంలో ఏదో మహిమ ఉన్నట్టే. అయితే అవి కూడా ఇంటి లోపలి ఓవెన్లు. ఆరుబయట ఓవెన్‌కు సరైన పాఠం కెనడాలోని క్యూబెక్ పల్లెల్లో ఉంది. అక్కడి ఫ్రెంచి రైతులు మట్టితో రొట్టెల ఓవెన్లు కట్టుకుని, దాని మీద గుడిసె కప్పులా చెక్క కప్పు నిలబెట్టేవారు. మంచు అంతా కప్పు మీద పడేది, ఓవెన్ పొడిగా ఉండేది. మా మేస్త్రి చెప్పిన గొడుగు అదే.

ఇప్పుడు కొంచెం లెక్క చూద్దాం, భయపడకండి. హైదరాబాద్ ప్రాంతంలో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న చోట ఏడాదిలో దాదాపు 1,200 లీటర్ల నీళ్లు పడతాయి. మిద్దె మీది ట్యాంకు నిండి ఇంకా మిగిలినంత! అందులో ఎంత లోపలికి పోతుంది? మామూలు కాల్చిన ఇటుక తన బరువులో 20 శాతానికి మించి నీరు పీల్చకూడదని భారత ప్రమాణాల సంస్థ నియమం. మూడు కిలోల ఇటుక అంటే, నియమం ప్రకారం ఉన్న మంచి ఇటుకైనా సరే, 600 మిల్లీలీటర్ల దాకా తాగగలదు. గుమ్మటం, నేల, మూతి కలిపి 200 ఇటుకలు అనుకుంటే 120 లీటర్లు. లీటరు నీటిని మరిగించి పూర్తిగా ఆవిరి చేయడానికి 600 కిలోకేలరీలకు పైనే కావాలి. ఎండు కట్టె కిలో కాలిస్తే వచ్చేది 3,500 నుంచి 4,000. అంటే పిజ్జా మాట దేవుడెరుగు, ఒక్క వేడి కణం కూడా వృథా కాకపోయినా గోడలు ఆరడానికే 20 కిలోల కట్టెలు కాలాలి. అసలు సంగతేమిటంటే ఓవెన్‌లో సగానికి పైగా వేడి వృథాగానే పోతుంది.

కట్టెల ఖర్చు పోతే పోయింది. ప్రమాదం ఆవిరితో. నీరు ఆవిరైతే దాని పరిమాణం దాదాపు 1,600 రెట్లు పెరుగుతుంది. నెమ్మదిగా వేడి చేస్తే ఆ ఆవిరి ఇటుక రంధ్రాల్లోంచి మెల్లగా బయటికి దారి చూసుకుంటుంది. ఒక్కసారిగా పెద్ద మంట వేస్తే దారి చాలదు. అప్పుడు కుక్కర్ విజిల్ మూసుకుపోతే ఏమవుతుందో అదే అవుతుంది. దసరా నాడు జన్వాడలో జరిగింది అదే. బయటి వాటర్‌ప్రూఫ్ రంగు ఆవిరికి ఉన్న ఆ కాస్త దారినీ మూసేసింది. రంగు ఉన్నప్పుడు నీళ్లు లోపలికి ఎలా వెళ్లాయంటారా? పొగ గొట్టం, ప్లాస్టరు కలిసే చోట సన్నటి వెలితి ఉంది. దిమ్మె కింద నుంచి చెమ్మ ఎక్కింది. మూతికి తలుపు లేదు కాబట్టి జల్లు నేరుగా లోపలికి కొట్టింది. రెయిన్‌కోటు తొడుక్కుని ఎండలో నడిస్తే లోపల చెమటతో తడిసిపోతాం చూడండి... ఆ ఓవెన్ పరిస్థితి అది.

తడికీ ఇన్సులేషన్‌కూ ఉన్న వైరం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. బూడిదైనా, ఊకైనా, దూదైనా వేడిని పట్టి ఉంచేది దాని సందుల్లో చిక్కుకున్న గాలి వల్లే. కదలని గాలి వేడిని సులభంగా దాటనివ్వదు. ఆ సందుల్లోకి నీరు చేరిందా, నీరు గాలి కంటే ఇరవై రెట్లకు పైగా వేడిని దాటనిస్తుంది. తడిసిన రజాయి కప్పుకుంటే చలి ఆగుతుందా? కాబట్టి వాన కాపు, వేడి కాపు రెండు వేర్వేరు పనులు కావు. మొదటిది లేకపోతే రెండోదానికి పెట్టిన డబ్బు నీళ్లలో పోసినట్టే.

మా మిత్రుడి భార్య ఓవెన్‌ను పగలగొట్టించేద్దామంది. ఆమె భయంలో తప్పేం లేదు, పిల్లాడు తృటిలో తప్పించుకున్నాడు. మేస్త్రి మాత్రం, "అమ్మా, సంక్రాంతి దాకా ఆగుండ్రి. ఆరనియ్యుండ్రి. అప్పుడు జూద్దం" అన్నాడు. ఆగారు. జనవరిలో రంగు, సిమెంటు ప్లాస్టరు అంతా గీకి తీసేశాడు. ఉత్త ఇటుక గుమ్మటాన్ని మూడు వారాలు ఎండకు వదిలేశాడు. ఆ తర్వాత లోపల చిన్న కుంపటి పెట్టి రోజూ రెండు మూడు గంటలు బొగ్గులు రాజేయించాడు. మంట కాదు, ఉత్త సెగ. ఈ పనికి కుంపటిని మించింది నాకు ఇప్పటిదాకా కనబడలేదు.

నేల సంగతి తర్వాత చూశారు. చాలామంది గుమ్మటం మీద పెట్టే శ్రద్ధ నేల మీద పెట్టరు. పిజ్జా పైన మాడి, అడుగున పచ్చిగా ఉంటోందని గొణిగే వాళ్లంతా నేల కింద ఏముందో ఒకసారి చూసుకోవాలి. జన్వాడ ఓవెన్‌లో ఇటుక నేల కింద నేరుగా కాంక్రీటు పలక ఉంది. మంట వేడిలో సగం ఆ కాంక్రీటులోకి దిగిపోతోంది. అదృష్టం కొద్దీ నేల ఇటుకల్ని సిమెంటుతో కలపకుండా పొడిగా పేర్చారు, గుమ్మటం కాళ్లు వాటి మీద నిలబడలేదు. మూతిలోంచి చెయ్యి పెట్టి ఒక్కొక్కటీ తీసేశారు. మూడంగుళాల ఇటుక పోయిన చోట రెండంగుళాల కాల్షియం సిలికేట్ పలక వేసి, దాని మీద ఒకటిన్నర అంగుళాల ఫైర్ బ్రిక్ పలకలు పరిచారు. నేల అర అంగుళం మాత్రమే లేచింది. ఈ సిలికేట్ పలక వేడిని బ్రహ్మాండంగా ఆపుతుంది గానీ తడిస్తే నానిన అటుకుల్లా మెత్తబడుతుంది. కాబట్టి కింది కాంక్రీటులో నీళ్లు కారిపోవడానికి రెండు కన్నాలు వేయించారు.

కొత్తగా కట్టుకునే వాళ్లకు ఇంకో దారి ఉంది. వరి ఊక బూడిద. మిర్యాలగూడ వైపు రైసు మిల్లుల దగ్గర గుట్టలు గుట్టలుగా పడి ఉంటుంది. అందులో 85 శాతానికి పైగా సిలికాయే. ఉక్కు కర్మాగారాల్లో కరిగిన ఉక్కు చల్లారకుండా దాని మీద చల్లేది కూడా ఈ బూడిదే! అంటే నివురు కప్పడం ఇప్పటికీ నడుస్తోంది, అదీ వెయ్యిన్నర డిగ్రీల నిప్పు మీద. బంకమట్టి తగినంత కలిపి నాలుగైదంగుళాల మందాన దిమ్మె మీద పరిచి గట్టిగా అదిమితే నేల కింద మంచి పరుపు. కలిపేటప్పుడు ముక్కుకు మంచి మాస్కు తప్పనిసరి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

మొయినాబాద్, చేవెళ్ల వాళ్లకు మరో సుళువు. ఈ చుట్టుపక్కల పూల తోటలు, నర్సరీలు ఎక్కువ కదా, మొక్కల కుండీల్లో కలిపే వర్మిక్యులైట్, పెర్లైట్ బస్తాలు దొరకడం కష్టం కాదు. వర్మిక్యులైట్ మన నెల్లూరు జిల్లాలో తవ్వితీసే ఖనిజమే. వేడి చేస్తే జొన్న పేలాల్లా ఉబ్బి తేలికవుతుంది. ఆ ఉబ్బులోనే గాలి ఉంటుంది. మొక్కకు నీరు పట్టి ఉంచడానికి వాడే అదే సరుకు పొడిగా ఉంటే ఓవెన్‌కు వేడి పట్టి ఉంచుతుంది.

జన్వాడలో గుమ్మటం మీద ఇలా చేశారు. ముందు సన్నటి పగుళ్లలో ఫైర్‌క్లే పూడ్చారు. పెద్ద పగులు దగ్గర వదులైన నాలుగు ఇటుకలు మార్చారు. తర్వాత సిరామిక్ ఫైబర్ దుప్పటి, అంగుళం మందానిది, రెండు వరసలు. ఫర్నేసుల సామాను అమ్మే షాపుల్లో దొరుకుతుంది. దాని పీచు చర్మానికి దురద, ఊపిరికి చేటు. పొడుగు చేతుల చొక్కా, మాస్కు, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోవద్దు, ఓవెన్ లోపలి వైపు ఎట్టి పరిస్థితిలోనూ వాడొద్దు. దాని మీద కోళ్ల జాలీ బిగించి, ఒక పాలు సిమెంటుకు ఎనిమిది పాలు వర్మిక్యులైట్ కలిపి రెండంగుళాల మందాన మెత్తారు. ఉప్మా పిండిలా పొడిపొడిగా ఉంటుంది ఆ ముద్ద. తాపీతో గట్టిగా రుద్దితే గాలి పోయి పని చెడుతుంది, చేత్తో అద్దాలి. రెండు వారాలు ఆరనిచ్చారు.

గ్లాస్ ఊల్ చవక కదా అని కొందరు అడుగుతుంటారు. ఏసీ గొట్టాలకు చుట్టేది ఇంత వేడికి పనికిరాదు, అందులోని జిగురు కాలి కంపు కొడుతుంది. థర్మకోల్ గురించి అడగనే వద్దు. పాత ఆస్‌బెస్టాస్ తాడు, పలకలు గోడౌన్లో ఉన్నాయని తీసుకొచ్చే మహానుభావులుంటారు. వాటిని వచ్చిన దారినే పంపేయండి.

తాండూరు బండ గురించి కూడా ఒక మాట. మనకు దగ్గర్లో దొరుకుతుంది, చవక, అందంగా ఉంటుంది. ఓవెన్ చుట్టూ అరుగుకు దాన్ని మించింది లేదు. ఓవెన్ నేలకు మాత్రం వద్దు. అది సున్నపురాయి, పొరలు పొరలుగా ఏర్పడింది. నిప్పుల కింద పెళ్లలు లేస్తుంది. గ్రానైట్ కూడా అంతే, సెగకు పెటిల్లుతుంది. లోపల మంట తగిలే చోట ఫైర్ బ్రిక్కే వాడాలి. షాపుల్లో ఐఎస్-6, ఐఎస్-8 అని అడిగితే తెలుస్తుంది, ఇంటి ఓవెన్‌కు ఐఎస్-6 చాలు. పక్కా ఎర్ర ఇటుక గుమ్మటానికి పనికొస్తుంది గానీ ఫ్లైయాష్ ఇటుకలు, సిమెంటు బ్లాకులు అసలు పనికిరావు.

ఇక పై పూత. ఇక్కడ నాకు కాస్త పక్షపాతం ఉంది, ముందే చెప్పేస్తున్నా. సిమెంటు వద్దు, సున్నం కావాలి.

ఎందుకంటే, జన్వాడ నుంచి గోల్కొండ దాకా వెళ్తే నాలుగొందల ఏళ్లుగా వానలో తడుస్తూ నిలబడ్డ గుమ్మటాలు కనిపిస్తాయి. కుతుబ్‌షాహీ సమాధులు. వాటికి వేసింది సున్నపు పూతే. మధ్యలో ఇరవయ్యో శతాబ్దంలో మరమ్మతుల పేరుతో వాటికి సిమెంటు మెత్తారు. సిమెంటు బిగుసుకుపోయి లోపలి చెమ్మను బయటికి పోనివ్వలేదు. 2013లో ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు వాళ్లు ప్రభుత్వంతో కలిసి అక్కడ పునరుద్ధరణ మొదలుపెట్టినప్పుడు చేసిన ముఖ్యమైన పనుల్లో ఒకటి ఆ సిమెంటును తీసేసి మళ్లీ సున్నం వేయడం. రాజుల గుమ్మటానికి ఏది మంచిదో పిజ్జా గుమ్మటానికీ అదే మంచిది. సున్నం వాన చినుకును పై పొరలోనే పట్టుకుని, ఎండ రాగానే వదిలేస్తుంది. లోపలి ఆవిరిని కూడా పోనిస్తుంది. సన్నటి పగుళ్లు వస్తే కొంతవరకు తానే పూడ్చుకుంటుంది.

డంగు సున్నం అంటే పాతతరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది. గుండ్రటి కాలవలో సున్నం, ఇసుక వేసి, రాతి చక్రాన్ని ఎద్దులతో తిప్పించి వెన్నలా నూరేవారు. బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం కలిపేవారు. ఇప్పుడు ఎద్దులెక్కడ తెస్తాం? బస్తా సున్నాన్ని తొట్టిలో నీళ్లు పోసి వారం రోజులు నాననిచ్చి, ఒక పాలుకు రెండున్నర, మూడు పాళ్లు జల్లించిన ఇసుక కలిపినా చాలు. ఒక్కసారే మందంగా వేయకూడదు. పల్చగా మూడు పూతలు, పూతకూ పూతకూ మధ్య వారం. ఎండ నేరుగా తగలకుండా తడి గోనెపట్టా కప్పి ఉంచాలి. నెలరోజుల ఓపిక కావాలి, అందుకే వేసవి ముదరక ముందే మొదలుపెట్టడం మంచిది. సున్నం కళ్లలో పడితే చాలా ప్రమాదం, పిల్లల్ని ఆ చుట్టుపక్కలకు రానివ్వకండి.

గుమ్మటం నడినెత్తిన పై పూతలో అంగుళం కన్నం ఒకటి వదిలి, చిన్న గొట్టం పెట్టి, దాని మీద వాన పడకుండా టోపీ పెట్టించాడు మేస్త్రి. లోపలి ఇటుక దాకా పోదు అది, ఇన్సులేషన్ పొర దాకానే. మిగిలిన తేమ ఆవిరై అందులోంచి పోతుంది. మొదటి నాలుగు మంటలప్పుడు ఆ గొట్టం టీ కెటిల్లా పొగలు కక్కింది. అంత నీరు ఇంకా ఉందా అని ఇంటాయన ముక్కున వేలేసుకున్నాడు.

పొగ గొట్టం దగ్గర పూతను గట్టిగా ఆనించకూడదు. ఇనుము వేడికి సాగుతుంది, సున్నం సాగదు. మధ్యలో వేలు పట్టేంత సందు వదిలి సిరామిక్ తాడు కూరి, మీద రేకు కాలరు బిగించాలి. తోట ఓవెన్లలో సగం నీళ్లు దిగేది ఇక్కడే.

ఇంతా చేసి కప్పు వేయకపోతే? మా మేస్త్రి ఒప్పుకోడు, నేనూ ఒప్పుకోను. నాలుగు ఇనుప గొట్టాలు నిలబెట్టి మీద పెంకులో, ఇనుప రేకులో. చూరు నాలుగు వైపులా ఓవెన్ అంచుకు రెండడుగులు బయటికి ఉండాలి, మన వాన నిలువుగా పడదు కదా. పొగ గొట్టం కప్పును దాటే చోట చుట్టూ జానెడు ఖాళీ వదిలి దాని మీద రేకు గొడుగు. పాత సిమెంటు రేకులు వద్దు. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, గొట్టానికి కన్నం కోస్తే ఆ దుమ్ము పీల్చాలి, మంట సెగ గట్టిగా తగిలితే టపాకాయల్లా పేలతాయి కూడా. ఓవెన్ మూతి పడమటికి పెట్టకండి, నైరుతి వానగాలి అటునుంచే కొడుతుంది. వాస్తు పట్టింపు ఉన్న వాళ్లు ఎలాగూ ఆగ్నేయ మూలే కట్టమంటారు, మూతి తూర్పుకు తిప్పితే శాస్త్రానికీ వానకూ ఇద్దరికీ సరిపోతుంది! మీ పొలం నల్లరేగడి అయితే పునాది కాస్త లోతుగా తవ్వించండి. ఆ నేల వానకు ఉబ్బి ఎండకు బీటలిస్తుంది, దానితోపాటు దిమ్మె కూడా కదులుతుంది.

ఇక మొదటి మంటలు. కొత్త ఓవెనైనా, వానాకాలం తర్వాత తెరిచిన పాత ఓవెనైనా వారం రోజులు వరసగా చిన్న మంటలు వేయాలి. మొదటి రోజు లోపలి గోడ నూరు డిగ్రీలు దాటకూడదు. రోజుకు యాభై చొప్పున పెంచుకుంటూ పోవాలి. వేడి కొలిచే గన్ కొనుక్కోండి, కానీ కరోనా రోజుల్లో నుదుటికి పెట్టిన గన్ పనికిరాదు, అది నలభై దాటితే చేతులెత్తేస్తుంది. ఐదొందల డిగ్రీల పైన చూపించేది కావాలి. ఆరిందో లేదో తెలుసుకోవడానికి మా మేస్త్రికి ఒక చిట్కా ఉంది. మంట ఉండగా గుమ్మటం బయట ఒక గాజు పలక ఆనించి చూస్తాడు. దాని మీద మంచు పట్టినట్టు ఆవిరి పడితే ఇంకా తడి ఉన్నట్టు, పెద్ద మంట వేయడానికి వీల్లేదు.

జన్వాడ ఓవెన్ తర్వాతి వానాకాలం దాటింది. ఈసారి దసరాకు ముందు వారం రోజులు కుంపటి, చిన్న మంటలు అయ్యాకే పెద్ద మంట వేశారు. పిల్లాణ్ణి మాత్రం వాళ్ల నానమ్మ పది అడుగుల దూరంలోనే కూర్చోబెట్టింది, చాక్‌పీసుతో గీత గీసి మరీ! చప్పుడేమీ రాలేదు. లోపల నాలుగొందల డిగ్రీలున్నా బయటి పూత మీద అరచేయి ఆనించగలిగారు.

ఇన్సులేషన్ సరిగా ఉన్న ఓవెన్‌తో ఉన్న సుఖం ఆ తర్వాతి పూటల్లో తెలుస్తుంది. నేపుల్స్ వాళ్ల పిజ్జాకు నాలుగొందల ఎనభై డిగ్రీల దాకా కావాలి, నిమిషం, నిమిషంన్నరలో కాలిపోతుంది. మనకు అంత పట్టింపు అక్కర్లేదు, నాలుగొందలు చాలు. రాత్రి నిప్పులు తీసేసి, మందపాటి చెక్కకు లోపలి వైపు రేకు కొట్టిన తలుపు మూసేస్తే పొద్దుటికి రెండొందల డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. బ్రెడ్డుకూ, కుండలో కోడికూరకూ అదే సరైన వేడి. మధ్యాహ్నానికి ఇంకొంచెం తగ్గాక పల్లీలు వేయించుకోవచ్చు. సాయంత్రానికి మామిడి ఒరుగులు పెట్టుకోవచ్చు. అన్నీ అయ్యాక రేపటి కట్టెలు లోపల పేర్చి తలుపు మూస్తే అవి కూడా ఎండిపోతాయి.

కట్టెల్లో తుమ్మ, సరుగుడు, ఎండిన మామిడి మంచివి. వేప పొగ రొట్టెకు చేదు పట్టిస్తుంది. రంగు వేసిన తలుపు ముక్కలు, ప్లైవుడ్ పొరపాటున కూడా వేయొద్దు, ఆ పొగ తిండికి అంటుకుంటుంది. మా మిత్రుడి తోటలో ఇప్పుడు కట్టెలకు కూడా చిన్న రేకుల పంచ ఉంది. మేస్త్రి దానికి కూలీ తీసుకోలేదు, రెండు రొట్టెలు కట్టించుకుని వెళ్లాడు.